ఆయన జిరాక్స్‌కి వెళ్ళినప్పుడు

“అక్కడ నువ్వేం మాట్లాడకు. నేను మాట్లాడతాను,” అన్నాడు మా ఆయన.

నేను ఆయన చొక్కా ఇస్త్రీ చేస్తున్నాను. నీలం చారల చొక్కా. ఎవరైనా పెద్దవాళ్ళని కలవాలంటే తప్ప దాన్ని బీరువాలోంచి బయటికి తీయడు. కాలరు దగ్గర బట్ట పల్చబడిపోయింది. కాస్త గట్టిగా నొక్కితే చిరిగేలా ఉంది కాబట్టి ఇస్త్రీపెట్టెతో దాన్ని బుజ్జగిస్తున్నాను. పొయ్యి మీద కూర ఉడుకుతోంది. హాల్లో అత్తగారు టీవీ వింటున్నారు. వినడమే, ఎందుకంటే కళ్ళజోడు కనబడటం లేదు. “అమ్మాయ్, నా కళ్ళజోడు చూశావా” అని పొద్దుటినుంచి అడుగుతున్నారు. అది ఆవిడ నెత్తిమీదే ఉంది. వెళ్ళి చెప్పే తీరిక నాకు ఇంకా దొరకలేదు.

ఆయన అన్న మాటకి నాకు కోపం రావాలి. నవ్వొచ్చింది. అదైనా సరిగ్గా రాలేదు, గొంతు దాకా వచ్చి అలిసిపోయి ఆగిపోయింది. ఎందుకంటే నేను చేసే ఉద్యోగమే అది. పిల్లల్ని కాలేజీలో చేర్చడానికి కిందామీదా పడుతున్న తల్లిదండ్రులకి ఫీజు సాయం ఎక్కడ దొరుకుతుందో చెప్పడం, దరఖాస్తులు పెట్టించడం, కాలేజీవాళ్ళు పిలిచి ఎదురుగా కూర్చోబెట్టి అడిగినప్పుడు ఏం చెప్పాలో, ఎలా చెప్పాలో నేర్పడం. ఊళ్ళోవాళ్ళకి మాట్లాడటం నేర్పినందుకు నాకు జీతమిస్తారు. ఇవాళ మా అమ్మాయి వంతు వచ్చేసరికి నన్ను నోరు మూసుకోమంటున్నాడు.

“సరే, మీరేం చెబుతారు?” అన్నాను చొక్కా రెండో వైపు తిప్పుతూ.

“ఏముంది చెప్పడానికి? షోరూమ్ ఉందని చెబుతాను. బాగా నడుస్తోందని చెబుతాను. దరఖాస్తులో అదే రాశాను.”

“బాగా నడుస్తోందని రాశారా?”

“మెల్లగా మాట్లాడు.” హాలు వైపు ఒకసారి చూశాడు. “మరేం రాయమంటావు? దివాలా తీశాం, దయచూపండి అని రాయనా? ఇచ్చేది ప్రతిభ ఉన్నవాళ్ళకి. అడుక్కునేవాళ్ళకి కాదు.”

“మరి నా గురించి ఏం రాశారు?”

“హౌస్‌వైఫ్ అని రాశాను. నీ జీతం కూడా చూపిస్తే ఆదాయం ఎక్కువ కనబడదూ? ఆ మాత్రం తెలివి నాకు లేదనుకున్నావా?”

లేని ఆదాయం చూపించి ఉన్న ఆదాయం దాచిపెట్టాడు మహానుభావుడు. పైగా శభాష్ అంటానేమోనని నా మొహంలోకి చూస్తున్నాడు. ఏదో అనబోయాను. ఇంతలో కూర అడుగంటిన వాసన వచ్చింది. వంటింట్లోకి పరిగెత్తాను. ఈ ఇంట్లో నేను అనబోయిన మాటలన్నీ ఇలాగే పోయాయి. ఎప్పుడూ ఏదో ఒకటి అడుగంటుతూనే ఉంటుంది.

ఇంత తెలిసినదాన్ని, సొంత కూతురి దరఖాస్తు చూసుకోలేదా అని మీరు అడగవచ్చు. మా ఆఫీసులో ఒక నియమం ఉంది. అక్కడ పనిచేసేవాళ్ళు తమ సొంతవాళ్ళ దరఖాస్తులు ముట్టుకోకూడదు. పక్షపాతం అంటారని భయం. మా సారు ఆ నియమం నాకు గుర్తుచేసినప్పుడు ఇంటికొచ్చి మా ఆయనతో చెప్పాను. ఆయనకి పండగైపోయింది. “చూశావా, దీనికైనా నేను కావలసొచ్చాను” అని కంప్యూటరు ముందు కూర్చొని అంతా తనే పూర్తిచేశాడు. ఒకసారి చూపించమంటే “నియమం, నియమం” అని నవ్వుతూ మూసేశాడు. ఎన్నాళ్ళ తర్వాతో ఆయన మొహంలో అంత ఉత్సాహం చూసి, పోనీలే అనుకున్నాను. నా జీవితంలో సగం పొరపాట్లు ఈ పోనీలే దగ్గరే మొదలయ్యాయి.

మా ఆఫీసు గురించి కాస్త చెప్పాలి. బయట అందరూ దాన్ని సెంటర్ అంటారు. రెండు గదులు, ఒక నడవ, నడవలో వరసగా కుర్చీలు. గోడల నిండా ఫొటోలు. సాయం దొరికి కాలేజీలో చేరిన పిల్లలు, వాళ్ళ అమ్మానాన్నలు, మధ్యలో మా సారు. ప్రతి ఫొటోలోనూ మధ్యలో మా సారే. ఆయన్ని మేమంతా చాటుగా ఫొటోల సారు అంటాం. సాయం మంజూరైందని కబురు రాగానే గదిలోంచి కోటు వేసుకొని వస్తారు. నేను ఫొటో తీస్తాను. తీసేది నేను కాబట్టి ఏ ఫొటోలోనూ నేను ఉండను. “మా మేడమ్ ఫైళ్ళు అవీ చూసుకుంటుంది” అని నన్ను పరిచయం చేస్తారు. అతిథులెవరైనా వస్తే “మేడమ్, కాస్త టీ సంగతి చూస్తారా” అంటారు. ఇంట్లో టీ, ఆఫీసులో టీ. ఒక్కోసారి నడవలో ట్రే పట్టుకొని నడుస్తుంటే, ఇప్పుడు నేను ఎక్కడున్నానో ఒక్క క్షణం గుర్తురాదు.

అయినా ఆ పని నాకిష్టం. అందులో నాకు బాగా తెలిసిన సంగతి ఒకటుంది. సాయం కోసం జనం లేనితనం నటిస్తారని బయటివాళ్ళు అనుకుంటారు. నేను చూసింది దానికి తలకిందులు. ఉన్నది దాచేవాళ్ళు నాకు తగిలింది తక్కువ. లేనిది ఉన్నట్టు చెప్పుకునే తండ్రులే ఎక్కువ. పక్కన భార్య, ఎదిగిన పిల్లలు కూర్చొని ఉండగా, ఎదురుగా ఉన్న పరాయి ఆడదానితో “నా సంపాదన చాలడం లేదండీ” అనడం మగవాడికి ప్రాణం మీదికొచ్చే పని. “పర్లేదండీ, ఏదో బాగానే గడిచిపోతోంది” అంటారు. ఆ బాగానే అన్న మాట కాలేజీవాళ్ళ చెవిన పడితే చాలు, సాయం ఇంకొకరికి వెళ్ళిపోతుంది. పరువు తండ్రికి మిగులుతుంది, చదువు పిల్లకి పోతుంది.

ఒకసారి గడియారాలు బాగుచేసే ఒకాయన భార్యనీ కూతుర్నీ వెంటబెట్టుకొని వచ్చాడు. “మా దుకాణానికి పాత కస్టమర్లు చాలామంది ఉన్నారండీ, దేనికీ లోటు లేదు” అంటూ చెప్పుకుపోతున్నాడు. పక్కన భార్య గోళ్ళు చూసుకుంటోంది. ఆవిడ వేళ్ళ నిండా పచ్చటి మరకలు, గంపలకొద్దీ కూరలు తరిగిన వేళ్ళు. ఒక్క ఇంటి వంటకి చేతులు అలా అవవు. నేను వెంటనే కొన్ని కాగితాలు ఆయన చేతికిచ్చి “కాస్త కిందికెళ్ళి వీటికి జిరాక్స్ తీయించుకొస్తారా” అన్నాను. ఆయన ఎంతో బాధ్యతగా లేచి వెళ్ళాడు. తలుపు మూసుకున్నాక ఆవిడతో అన్నాను, “ఇప్పుడు చెప్పమ్మా. నిజంగా ఇల్లెలా గడుస్తోంది?”

ఆవిడ ముందు తలుపు వైపు చూసింది. అందరూ చూస్తారు. తర్వాత గబగబా చెప్పింది, ఒక్క గుక్కలో. “దుకాణానికి ఎవరూ రావట్లేదమ్మా. అందరూ ఫోన్లోనే టైము చూసుకుంటున్నారు. నేను హాస్టల్లో వంటకి వెళ్తున్నాను. ఆయనకి తెలుసు, తెలీనట్టు ఉంటారు. మీకూ తెలీనట్టే ఉండండమ్మా, మీకు దండం పెడతాను.”

ఆయన తిరిగొచ్చాడు. మేం ఇద్దరం వాతావరణం గురించి మాట్లాడుకుంటున్నాం. ఆ పిల్లకి సాయం దొరికింది. ఇప్పుడు గోడ మీద ఉంది, మా సారు పక్కన.

అప్పటినుంచి అదే నా పద్ధతి. మా ఆఫీసులోనే జిరాక్స్ మిషను ఉంది. దాని మీద గుడ్డ కప్పి, గుడ్డ మీద పూలకుండీ పెట్టాను. తండ్రుల్ని వీధి చివరి దుకాణానికి పంపిస్తాను. ఆయన వెళ్ళొచ్చేలోపు ఆవిడ చెప్పేస్తుంది. అప్పుడు తెలిసేవి ఎన్ని సంగతులో! ఇంటివెనక కుట్టుమిషన్లు, తెల్లారకముందే ఊడ్చే ఆఫీసులు, పుట్టింటి నుంచి గుట్టుగా తెచ్చుకున్న అప్పులు. ఇల్లు నడిపేది ఎవరో ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. నేను అవన్నీ పద్ధతిగా రాసి కాలేజీలకి పంపుతాను. ఆ తెలివికి నాలో నేను కాస్త మురిసిపోయేదాన్ని కూడా.

మా అమ్మాయికి సీటొచ్చిన కాలేజీలో ఫీజు సాయం చూసే అమ్మాయి ఒకతె ఉంది. ఎప్పుడూ చూడలేదు, ఫోన్లోనే పరిచయం. మా దగ్గరికొచ్చే కుటుంబాల గురించి మాట్లాడటానికి తరచూ ఫోన్ చేస్తుంటాను. గలగలా మాట్లాడుతుంది. ఒకసారి వాపోయింది, “మేడమ్, ఈ నాన్నలంతా నా ముందు కూర్చోగానే మహారాజులైపోతున్నారు. ఏది నిజమో తెలిసి చావట్లేదు.” నేను నవ్వి, నా గుట్టు విప్పాను. “జిరాక్స్‌కి పంపించమ్మా. మిషను కనబడకుండా గుడ్డ కప్పు. ఆయన వెళ్ళాక ఆవిణ్ణి అడుగు” అన్నాను. పూలకుండీ సంగతీ, ఏ గొంతుతో ఏమని అడగాలో కూడా చెప్పాను. తర్వాత ఫోన్ చేసి “మేడమ్, మంత్రం వేసినట్టు పనిచేసింది” అని కిలకిలా నవ్వింది.

ఇవాళ మేం వెళ్ళి కూర్చోబోయేది ఆ అమ్మాయి ముందే. నేను నోరు విప్పితే గొంతు గుర్తుపడుతుంది. హౌస్‌వైఫ్ గొంతు కాదని తెలిసిపోతుంది.

మా ఆయన చెడ్డవాడు కాదు. ఈ మాట నేను చాలాసార్లు అనుకున్నాను, అనుకొని అనుకొని అరిగిపోయింది. రంగుల కంపెనీలో మంచి ఉద్యోగం ఉండేది. స్నేహితుడితో కలిసి కుళాయిలూ, స్నానాలగది సామాన్లూ అమ్మే షోరూమ్ పెడతానని దాన్ని మానేశాడు. కొన్నాళ్ళు బాగానే ఉంది. తర్వాత స్నేహితుడు తన వాటా తీసుకొని చల్లగా జారుకున్నాడు. ఇప్పుడు ఆ షోరూమ్‌లో ఉన్నవి అమ్ముడుపోని కుళాయిలూ, మా ఆయనా. రోజూ టైముకి వెళ్ళి షట్టరు ఎత్తుతాడు, ఒక్కో కుళాయీ తుడుస్తాడు, సాయంత్రం షట్టరు దించి వస్తాడు. నేనొకసారి వెళ్ళినప్పుడు గోడ నిండా మెరుస్తున్న కుళాయిలు, ఒక్కదాంట్లోనూ నీళ్ళు లేవు. మధ్యలో కుర్చీలో ఆయన.

వ్యాపారం పూర్తిగా మునిగిన రోజు ఆయన నా ఒళ్ళో తలపెట్టి ఏడ్చాడు. “అమ్మకి తెలిస్తే తట్టుకోలేదు. రెండు నెలలు ఓపిక పట్టు, మళ్ళీ లేస్తాను” అన్నాడు. నేను పట్టాను. ఏడాది దాటిపోయింది, ఇంకా పట్టుకునే ఉన్నాను.

ఆ ఓపిక ఎలాంటిదో చెబుతాను. నెల మొదట్లో నా జీతం తెచ్చి ఆయన చేతిలో పెడతాను. ఆయన తీసుకెళ్ళి వాళ్ళమ్మ చేతిలో పెడతాడు. ఆవిడ కళ్ళకద్దుకొని, అందులోంచి ఇంటిఖర్చుకి తీసి నన్ను పిలిచి ఇస్తారు. “జాగ్రత్తగా వాడు అమ్మాయ్. వాడు రెక్కలు ముక్కలు చేసుకొని తెస్తున్నాడు.” నా డబ్బు ఇల్లంతా ఊరేగి మళ్ళీ నా చేతికే వస్తుంది, బుద్ధులతో సహా. నేను తల ఊపి తీసుకుంటాను. నెలనెలా తల ఊపడానికి కూడా బలం కావాలని ఎవరికీ తెలియదు. పక్కింటావిడ నా ఉద్యోగం గురించి అడిగితే అత్తగారు అంటారు, “ఏదో కాలక్షేపానికి వెళ్తుంది లెండి. ఇంట్లో తోచదట.” ఆ కాలక్షేపంతోనే ఆవిడ బీపీ మాత్రలు కొంటున్నాను. ఆవిడ తప్పేం లేదు, ఆవిడకి చెప్పినవాళ్ళు లేరు. మరి తెలిసినాయన? ఆ మాట అన్నప్పుడు ఆయన పక్కనే కూర్చొని పేపరు చదువుతుంటాడు. పేజీ తిప్పుతాడు.

నాకు ఒళ్ళు నొప్పుల కన్నా ఆ పేజీ తిప్పిన చప్పుడు ఎక్కువ నొప్పి.

అమ్మాయికి అన్నీ తెలుసు. మేం ఎవరం చెప్పలేదు, చూసి తెలుసుకుంది. దానికి పశువుల డాక్టరు కావాలని కోరిక. చిన్నప్పుడు వీధికుక్క కాలు విరిగితే నా పాత చున్నీ చింపి కట్టుకట్టింది. అది కరిచింది, అయినా వదల్లేదు. పట్టుబట్టి చదివి సీటు తెచ్చుకుంది. సాయం దొరికితే చేరుతుంది. దొరక్కపోతే ఈ నెలాఖరుకి సీటు వేరేవాళ్ళకి పోతుంది, అంతే. మా ఆయన్ని అడిగితే “రాకపోతే కొంపలేం మునగవు. ఇక్కడే ఏదో ఒక డిగ్రీలో చేరుతుంది. సాయంత్రాలు షోరూమ్‌లో కూర్చుంటుంది, నాకూ తోడుగా ఉంటుంది” అన్నాడు. ఆ మాట ఆయన ప్రేమగానే అన్నాడు. నాకు మాత్రం ఆ నీళ్ళు రాని కుళాయిల మధ్య ఇంకో కుర్చీ కనబడింది, అందులో నా కూతురు. చేతిలో తుడిచే గుడ్డతో.

బస్సులో అమ్మాయి నా పక్కన కూర్చుంది. ఆయన ముందు సీట్లో, చొక్కా నలక్కుండా వెనక్కి ఆనుకోకుండా నిటారుగా ఉన్నాడు.

“అమ్మా,” అంది చెవి దగ్గరికి వంగి. “నాన్న ఏం రాశారో నీకు తెలుసా?”

“ఇందాకే తెలిసింది.”

“నేను చెప్పాను నాన్నకి, నిజం రాద్దామని. ‘నీకు నాన్న మీద నమ్మకం లేదా’ అన్నారు. ఇంకేం అంటాను?” కిటికీలోంచి బయటికి చూసింది. “నువ్వైనా మాట్లాడతావుగా?”

కండక్టరు వచ్చాడు, చిల్లర వెతుక్కునే వంకతో సంచిలో తల దూర్చాను. అమ్మాయి మళ్ళీ అడగలేదు. అడగకపోవడం అది నా దగ్గరే నేర్చుకుంది.

కాలేజీ ఆఫీసు మూడో అంతస్తులో ఉంది. పొడుగాటి నడవ, గోడకి ఆనించిన బెంచీలు, వాటి మీద మాలాంటి కుటుంబాలు. నాకు ఆ దృశ్యం కొత్త కాదు. కానీ ఎప్పుడూ బల్లకి అవతలి పక్కనుంచే చూశాను. ఇవతలి బెంచీ ఇంత ఎత్తు తక్కువగా, ఇంత గట్టిగా ఉంటుందని తెలియదు. ముందు అమ్మాయిని ఒంటరిగా పిలిచారు. బయటికొచ్చాక అది బెంచీ మీద కూర్చొని సంచి ఒళ్ళో పెట్టుకొని, మమ్మల్ని చూసి నవ్వడానికి ప్రయత్నించింది. తర్వాత మమ్మల్ని పిలిచారు.

లోపల కూర్చున్నది ఫోన్లో నేను అనుకున్నదానికన్నా చిన్నపిల్ల. పెద్ద కళ్ళద్దాలు, బల్ల మీద సగం తాగిన టీ. గొంతు వినగానే గుర్తుపట్టాను. నేను నోరు విప్పలేదు, తల మాత్రం ఊపాను.

“చెప్పండి సార్. వ్యాపారం ఎలా ఉంది?”

“బ్రహ్మాండంగా ఉందండీ.” మా ఆయన కుర్చీలో సర్దుకున్నాడు. “ఇంకో బ్రాంచి కూడా ఆలోచిస్తున్నాం. నిజం చెప్పాలంటే మాకు సాయం అవసరమని కాదు, మా అమ్మాయి ప్రతిభకి గుర్తింపులా ఉంటుందని పెట్టాం.”

రాసిందానికన్నా ఇంకో బ్రాంచి ఎక్కువ చెప్పాడు. ఆ అమ్మాయి కలం కదులుతోంది. నేను ఇలాంటి మాటలు ఎన్ని విన్నానో! ప్రతిసారీ మనసులో ‘అయ్యో తండ్రీ, నీ పిల్ల గొంతు నువ్వే కోస్తున్నావు’ అనుకునేదాన్ని. అనుకొని పూలకుండీ వైపు చూసుకొని ధైర్యం తెచ్చుకునేదాన్ని. ఇప్పుడు ఈ తండ్రి నా మొగుడు.

“మేడమ్ ఏం చేస్తారు?” ఆ అమ్మాయి నా వైపు చూస్తూ అడిగింది.

“ఇంట్లోనే అండీ,” అన్నాడు మా ఆయన, చనువుగా నవ్వుతూ. “ఏమీ చేయదు.”

ఏమీ చేయదు. ఆయన మెడ చుట్టూ పొద్దున్న నేను బుజ్జగించిన కాలరు ఉంది. జేబులో నేను పెట్టిన రుమాలు ఉంది. ఆ జేబులోనే, తిరిగి వెళ్ళడానికి నేనిచ్చిన బస్సు చార్జీలు ఉన్నాయి. ఆయన పక్కన ఏమీ చేయని నేను ఉన్నాను. కోపం వచ్చిందా అంటే, అప్పుడు కూడా సరిగ్గా రాలేదు. అలసట వచ్చింది. ఇన్నేళ్ళ అలసట అంతా ఒక్కసారి వచ్చి పక్క కుర్చీలో కూర్చున్నట్టుంది.

ఆ అమ్మాయి రాయడం ఆపింది. ఆయన వంక, నా వంక, నా చేతుల వంక చూసింది. నా చూపుడువేలికి సిరా మరక ఉంది, నిన్న ఆఫీసులో అయింది. చెయ్యి చీరకొంగులో దాచుకున్నాను. అప్పుడా అమ్మాయి ఫైల్లోంచి నాలుగు కాగితాలు తీసింది.

“సార్, ఏమనుకోకపోతే చిన్న సాయం. వీటికి కాస్త జిరాక్స్ తీయించుకొస్తారా? కింద గేటు పక్కన దుకాణం ఉంది.”

“అయ్యో, దానికేం, ఇప్పుడే తెస్తాను.” ఆయన లేచాడు. వెళ్తూ వెళ్తూ నా భుజం తట్టాడు, ఎంత బాగా జరుగుతోందో చూశావా అన్నట్టు.

తలుపు మూసుకుంది. నేను గది మూలకి చూశాను. అక్కడ నడుమెత్తున ఏదో యంత్రం ఉంది. దాని మీద గుడ్డ. గుడ్డ మీద పూలకుండీ.

“ఇప్పుడు చెప్పండమ్మా,” అంది ఆ పిల్ల, నా మాటల్నే, నేను నేర్పిన మెత్తని గొంతుతోనే. “నిజంగా ఇల్లెలా గడుస్తోంది?”

నా తల తలుపు వైపు తిరిగి ఉంది. నేను తిప్పలేదు, అదే తిరిగింది. కూరలు తరిగిన వేళ్ళావిడ తల తిరిగినట్టే. కుట్టుమిషన్ల వాళ్ళు, ఆఫీసులు ఊడ్చేవాళ్ళు, అందరి తలలూ తిరిగినట్టే. గబగబా చెప్పేయాలి, ఆయన మెట్లెక్కేలోపు చెప్పేయాలి. నోటి చివర మాటలు తయారుగా ఉన్నాయి, ‘షోరూమ్ మూతపడ్డట్టేనండీ, నేనే సంపాదిస్తున్నాను, ఆయనకి తెలీనట్టే ఉండండి’ అని. చెబితే అయిపోతుంది. పిల్లకి సాయం దొరుకుతుంది, ఆయన పరువు ఆయనకి ఉంటుంది, అత్తగారి కళ్ళకద్దుకోవడం అత్తగారికి ఉంటుంది. ఎవరికీ ఏ నష్టమూ లేదు. నేను ఇన్నాళ్ళూ అలాగే అనుకున్నాను. ఆడవాళ్ళకి నోరిచ్చానని మురిసిపోయాను. నేనిచ్చింది నాలుగు కాగితాలు జిరాక్స్ తీసేంత సేపు. అంత సేపట్లో ఒక మనిషి తన బతుకంతా గుసగుసగా చెప్పి, తలుపు తెరుచుకునేసరికి వాతావరణం గురించి మాట్లాడాలి. ఆ గడియారాలాయన భార్య ఇప్పటికీ తెలీనట్టే వంటకి వెళ్తూ ఉంటుంది. కూతురు చదువుకుంటోంది, ఆవిడ మాత్రం అక్కడే ఉంది.

నడవలో బెంచీ మీద నా కూతురు ఉంది. ఈ తలుపు తెరిచినప్పుడు లోపల ఎవరు మాట్లాడారో దానికి తెలియాలి. చాటుగా తెచ్చిచ్చిన చదువు చదువుకొని, చాటుగా డాక్టరై, రేపు ఎవడో దాన్ని ‘ఏమీ చేయదు’ అంటే అదీ తలుపు వైపే చూస్తుంది.

“చెబుతాను,” అన్నాను.

ఆ పిల్ల చటుక్కున తలెత్తింది. కళ్ళద్దాలు సర్దుకొని నా మొహంలోకి తేరిపార చూసింది. “ఈ గొంతు... మేడమ్? మీరా? సెంటర్ మేడమ్ కదూ మీరు?”

“నేనేనమ్మా.”

“అయ్యయ్యో, మరి ఇక్కడ హౌస్‌వైఫ్ అని...” కాగితం చూసింది, పూలకుండీ చూసింది, మొహం ఎర్రబడింది. “సారీ మేడమ్. మీ మీదే ప్రయోగించాను.”

“బాగా చేశావు. నాకన్నా బాగా చేశావు.”

ఆ పిల్ల కుర్చీ ముందుకి లాక్కుంది, కలం అందుకుంది. గొంతు బాగా తగ్గించింది. “మేడమ్, సార్ వచ్చేస్తారు. ఆయన్ని ఇబ్బంది పెట్టొద్దు, మీరు టకటకా చెప్పేయండి, నేను రాసేసుకుంటాను. ఆయనకి ఏమీ తెలియదు.”

ఎంత మంచి పిల్ల! ఇంత మంచితనంతోనే నేను కూడా ఎన్నోసార్లు ఇదే మాట అన్నాను.

“వద్దమ్మా,” అన్నాను. “ఆయన్ని రానీ.”

“మేడమ్...”

“ఆయన ముందే చెబుతాను.”

ఆ పిల్ల కలం కింద పెట్టింది. ఇద్దరం వాతావరణం గురించి మాట్లాడలేదు. ఇంటికెళ్ళాక ఏమవుతుందో ఆలోచించాను. ఆయన మొహం ఎలా వాడిపోతుందో, మాట్లాడకుండా ఎన్ని రోజులు ఉంటాడో, అత్తగారికి ఎవరు చెబుతారో. నేనే చెబుతాను. నెల మొదట్లో జీతం రాగానే ఆవిడ పక్కన కూర్చొని, ముందు నెత్తిమీది కళ్ళజోడు తీసి కళ్ళకి పెట్టి, అప్పుడు చెబుతాను. ఆవిడ తట్టుకుంటారు. నేను తట్టుకోలేదూ?

మెట్ల మీద చెప్పుల చప్పుడు. తలుపు తెరుచుకుంది. ఆయన కాస్త ఆయాసపడుతున్నాడు. కాగితాలు నలగకుండా రెండు చేతులతో పట్టుకున్నాడు. ఆయన వెనక తలుపు పూర్తిగా మూసుకోలేదు, సందులోంచి నడవలో అమ్మాయి సంచి కనబడుతోంది. నేను చేయి చాచి తలుపు ఇంకాస్త తెరిచాను.

“ఏంటి, అంతా అయిపోయిందా?” అన్నాడు నవ్వుతూ.

“ఇంకా మొదలుపెట్టలేదు,” అన్నాను. “కూర్చోండి. నేను మాట్లాడతాను.”